తపసుమాను

కంకణం కట్టే పొద్దే ఆ చప్పుడు మొట్టమొదటిసారి పదిమంది చెవుల్లో పడింది.

నల్లగుట్లపల్లిలో ద్రౌపదమ్మ గుడి ముందర జనం కిటకిటలాడతా ఉండారు. పూజారి మల్లప్ప పసుపుకొమ్ము కట్టిన దారం తీసి రెడ్డెప్ప కుడి మణికట్టుకు ముడేస్తాంటే, డప్పులోళ్లు చేతులు మార్చుకోడానికి ఒక్క రవ్వ ఆగినారు. ఆ సందులో సన్నగా కూత ఒకటి ఇనబడింది. అది యాడినుంచో వచ్చింది కాదు. రెడ్డెప్ప ఊపిరి లోపలికి తీసుకున్నాడు, అంతే.

ముందు వరసలో నిలబడిన చెంగమ్మవ్వ చెంపలేసుకునింది.

"శంఖం ఇంటిరా? అర్జునుడి శంఖమే అది. అమ్మ పూనేసింది ఈయప్పకు," అనింది.

మన ఊళ్లలో ఇట్లాంటి మాటకు కాళ్లు తొందరగా వస్తాయి. డప్పులు మళ్లీ మొదలయ్యేలోపల సగం జనం రెడ్డెప్ప పాదాలు ముట్టుకునేదానికి తోసుకుంటా వచ్చేసినారు. ఆయన బిక్కమొగమేసుకుని నిలబడినాడు. ఆయన అన్న, ఊరికి పెద్ద, గుడికి ధర్మకర్త అయిన చెంగల్రాయుడు మీసం మీద చెయ్యేసుకుని తమ్ముడిని చూసి మురిసిపోయినాడు.

రెడ్డెప్ప పెండ్లాం మునెమ్మ మాత్రం కదల్లా. ఆమె ఆ శంఖాన్ని కొన్నాళ్లుగా ఇంట్లో ఇంటానే ఉంది. ఆయన మడక దించి గట్టెక్కినప్పుడు ఇనింది. సంగటి ముద్ద మింగి నీళ్లు తాగినప్పుడు ఇనింది. పైటాల కునుకు తీస్తాంటే, పక్కన కూచుని చెనక్కాయలు ఒలిచే చేతులు ఆపేసి మరీ ఇనింది. అమ్మవారు పూనేదయితే పూలు పెట్టుకున్న పొద్దు పూనల్ల గానీ, మజ్జిగ తాగేటప్పుడు యాల పూనుతాది?

ఈ భారతం సంగతి తెలీనోళ్లకు ఒక ముక్క చెప్పల్ల. ఏటా వైశాఖంలో పగలు హరికథ, రాత్రి నాటకం జరుగుతాయి. నడుమ ఒక పొద్దు అర్జునుడి తపసు. పొడుగాటి తాటిమాను చివ్వి నున్నగా చేసి, గుడి ఎదర బయట్లో నాటి, మెట్లుగా కొయ్యచీలలు కొడతారు. అర్జునుడి వేషగాడు చీలకో పద్యం పాడతా కొనదాకా ఎక్కల్ల. ఆడ కట్టిన పీట మీద కూచుని శివుడిని వేడుకుని, నిమ్మకాయలు, విబూది కిందికి చల్లల్ల. బిడ్డలు లేని ఆడోళ్లు తడిబట్టల్తో మాను చుట్టూ పడుకుని కొంగు పట్టుకుంటారు. కంకణం కట్టుకున్నోడు కడపొద్దు పట్టాభిషేకం అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే వాడికే కాదు, ఊరికంతా కీడు.

ఏండ్ల తరబడి అర్జునుడు రెడ్డెప్పే. కానీ ఈ ఏడు మార్చేసినారు. శివరాత్రి దాటినాక టమోటా తోట కావలికి పోయి పడుకున్నోడిని కట్లపాము కరిచి, కుప్పం పెద్దాసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టి వారాల తరబడి మిషనుతో ఊపిరాడించి బతికించినారు. బతికొచ్చినోడికి మాను ఎక్కే సత్తువ యాడుంటాదని, చిన్నాయన కొడుకు సురేంద్రకు పద్యాలు నేర్పించడం మొదలుపెట్టినారు. అప్పుడే మునెమ్మ మొక్కు బయటికొచ్చింది. మిషను పక్కన నిలబడి, "తల్లీ, ఈయప్పకు ఊపిరి తిరిగిస్తే ఈ ఏడే నీ తపసుమాను ఎక్కిస్తా," అని మొక్కుకునింది ఆమె. ఆస్పత్రి వసారాలో గుండెలు బాదుకుంటాన్న అత్త మంగమ్మకు ఆ పొద్దే చెప్పింది. మంగమ్మకు చెప్పినాక ఊరికి వేరే చాటింపు అక్కర్లేదు. ఇంగ సురేంద్ర పక్కకు తప్పుకున్నాడు. కంకణం కట్టేటప్పుడు మల్లప్ప కూడా, "మునెమ్మ మొక్కు ప్రకారం" అని గట్టిగా చెప్పే ముడేసినాడు.

కంకణం కట్టిన మర్నాడు రెడ్డెప్ప బావికాడినుంచి రెండు బిందెల నీళ్లు మోసుకొస్తా చింతచెట్టు కింద నిలబడిపోయినాడు. బిందెలు దించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెడ ముందుకు సాచి గాలి లాగినాడు. మెడ కింద గుంత లోపలికి పోతా ఉంది. మునెమ్మ పరిగెత్తిపోయి బిందె అందుకునింది.

"యాల మోసుకొస్తివి? నేను లేనా?"

"ఊరికే కూచుంటే ఏం తోస్తాది," అన్నాడు. ఆ నాలుగు మాటలకు నడుమ ఒకసారి ఆగినాడు.

"ఇది ఉబ్బసం కాదు. నాకు నమ్మకం లేదు."

"మదనపల్లి డాక్టరు చెప్పినాడు గదమ్మే. పీల్చేది ఇచ్చినాడు గదా."

అంగీ జేబులోనుంచి నీలం డబ్బీ తీసి, నోట్లో పెట్టుకుని, ఊది పీల్చినాడు. మునెమ్మ ఎదురుగా నిలబడి చూసింది. డబ్బీ పీల్చకముందు ఎట్లుందో పీల్చినాక అట్లే ఉంది. ఇంకోటి కూడా కనిపెట్టింది ఆమె. వాళ్ల నాయనకు ఉబ్బసం ఉండేది. ఆయన గాలి వదల్లేక ఇబ్బంది పడేటోడు. ఈయనకు వదిలేది సులభంగానే ఉంది. తీసుకునేదే కష్టం.

"కుప్పం పోదాం. ఆ డాక్టరమ్మకు ఒకసారి చూపించుకుని వచ్చేద్దాం."

రెడ్డెప్ప కుడిచేయి ఎత్తి కంకణం చూపించినాడు. తర్వాత నవ్వినాడు. "నువ్వు మొక్కి నువ్వే దాటమంటే ఎట్లమ్మే," అని బిందె ఎత్తుకోబోయినాడు. ఆమె ఇవ్వలా.

సందకాడ పద్యాలు దిద్దేది గుడి పక్క సావిట్లో. నాటకం నేర్పే దాసప్ప పుంగనూరోడు. హార్మోనియం ముందర కూచుంటే మాట పడనీడు, రాగం తప్పితే వేషగాడి తొడ మీద చిటికెన వేలితో పొడుస్తాడు. పాడింది పాడినట్టు టేపురికార్డర్లో పట్టుకుని, మర్నాడు వేషగాడికే వినిపించి, "ఇదో, ఈడ కొండ దిగేసినావు నాయనా," అని సిగ్గు తీయడం ఆయన పద్ధతి.

మునెమ్మ గోడవార నిలబడింది. రెడ్డెప్ప శివుడిని పిలిచే పద్యం ఎత్తుకున్నాడు. పోయినేడు ఇదే పద్యం కడపాదంలో రాగాన్ని ఒక్క ఊపిరిలో సాగదీస్తాంటే, మాను కింద పడుకున్న ఆడోళ్లు కూడా కండ్లు తెరిచి పైకి చూసినారు. ఇప్పుడు పాదం సగానికి రాకముందే ఆగినాడు. కూత. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగినాడు. ఆగిన తావల్లా దాసప్ప తిత్తి గట్టిగా నొక్కి, పెట్టె గొంతు పెంచి, ఆ కూత మీద స్వరాలు పరిచేసినాడు.

అందరూ పోయినాక మునెమ్మ ఆయన దగ్గరికి పోయింది.

"గురువప్పా, ఒక మాట అడుగుతా. ఎట్ల పాడతాండాడు మాయప్ప?"

దాసప్ప హార్మోనియం మీద గుడ్డ కప్పినాడు.

"పద్యాన్ని ముక్కలు చేసి పాడతాండాడు తల్లీ. ఈడంటే పెట్టె ఉండాది, నేను కప్పుతాండాను. మాను మీదికి పెట్టె రాదు గదా."

"శంఖమంటాండారు జనం."

"జనానికేం. ఆయప్ప మొగంలో రంగు మారేది నాకు దగ్గర్నుంచి కనబడతాండాది. నేను కూలికొచ్చినోడిని. మొక్కు కాడ నోరు తెరిస్తే ఊరు నన్ను ఊరికే వదుల్తాదా?"

మునెమ్మ చూపు టేపురికార్డరు మీద పడింది. కొంచేపు దాన్నే చూసింది.

"ఆయప్ప పొలిమేర దాటకూడదు. ఆయప్ప ఊపిరి దాటొచ్చునా?" అనింది.

దాసప్పకు మొదట అర్థం కాలా. అర్థమైనాక క్యాసెట్టు తీసి, తన తువ్వాలు కొనలో చుట్టి ఆమె చేతికిచ్చినాడు.

అయినా ముందు బావను అడగకుండా పోవడం ధర్మం కాదనుకునింది. చెంగల్రాయుడు ఇంటి నడవలో కూచుని నిమ్మకాయల బస్తా విప్పిస్తాండాడు. బావ ఎదర నిలబడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఏ కోడలికీ లేదు. తలుపు చాటునుంచే చెప్పింది.

"బావా, ఆయనకు ఊపిరి చాల్లేదు. మాను ఎక్కే పని సురేంద్రకు చెప్పేస్తే మేలేమో."

"మొక్కిందెవురమ్మా?"

"నేనే."

"మరి నీ మొక్కు నేను మార్చేదా? ఆయమ్మతో బేరమాడేదానికి నేనెవుర్ని?" చెంగల్రాయుడు కోపంగా అనలా, నెమ్మదిగానే అన్నాడు. "వాడు నాకు పరాయోడా? ఆ పొద్దు ట్రాక్టరులో ఏసుకుని తల నా తొడ మీద పెట్టుకుని పోతిని. సచ్చినోడినే తీసుకపోతాండాననుకుంటిని. ఆయమ్మ తిరిగిచ్చింది. ఇచ్చినాక ఎగ్గొట్టేదా? తపసు కానీ. పట్టాభిషేకం అయిన మర్నాడు నేనే కారు మాట్లాడి కుప్పం తీసకపోతా."

తలుపు చాటు మనిషికి అంతకంటే జవాబు చెప్పే దోవ లేదు. మునెమ్మ వచ్చేసింది. పిచ్చి కోపమొచ్చింది ఆమెకు. బావ మీద కాదు. తన నోటి మీద. మొక్కేటప్పుడు టెంకాయలో, తలనీలాలో, పొర్లుదండాలో మొక్కుకోకుండా ఈయప్ప ఊపిరినే తీసకపోయి మొక్కితినే అని దోవ పొడుగునా తిట్టుకునింది.

మర్నాడు తెల్లారగానే, తపసుకు పసుపు కుంకుమ పుంగనూరులో తెస్తానని అత్తకు చెప్పి బస్సెక్కింది. పుంగనూరులో దిగి పసుపూ కొనింది, అబద్ధం సగమే కావల్లని. పలమనేరులో ఒక బస్సు, ఆడ్నించి ఇంకొకటి. కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. క్యాసెట్టు ఎండకు పాడైపోతాదని రొంటిన దోపుకుని, మీద కొంగు కప్పుకునే ఉంది.

డాక్టర్ ప్రసన్నలక్ష్మి ఆమెను చూడగానే గుర్తుపట్టింది. మిషను మీద ఉన్నన్ని దినాలు పొద్దున్నే వచ్చి రెడ్డెప్ప పాదాలకు చక్కిలిగింత పెట్టి చూసేది ఈ డాక్టరమ్మే.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చినావు? ఆయన ఎట్లున్నారు?"

"ఆయన రాకూడదమ్మా. ఆయన ఊపిరి తెచ్చినా," అని మునెమ్మ క్యాసెట్టు బల్ల మీద పెట్టింది.

డాక్టరు నవ్వలా. అందుకే మునెమ్మకు ఆమెంటే ఇష్టం. ఆస్పత్రిలో పాట పెట్టే మిషను అంబులెన్సులో తప్ప ఇంకెక్కడా లేదు. డ్రైవరును లేపి, ఇద్దరూ ముందు సీట్లో కూచున్నారు. దాసప్ప హార్మోనియం, రెడ్డెప్ప గొంతు బండినిండా మోగినాయి. డాక్టరు కండ్లు మూసుకుని ఇనింది. ఒక పాదం, పెట్టె స్వరాల కింద కూత. అర పాదం, కూత. డాక్టరు చెయ్యి బొత్తం మీదికి పోయి ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్లీ ఆ కూత దగ్గరే పెట్టి ఇనింది. ఇంత శ్రద్ధగా పద్యం వినేటోళ్లను చూసి డ్రైవరు కూడా చేతులు కట్టుకుని నిలబడినాడు.

"ఇది ఎన్నాళ్లుగా ఉంది?"

"మొదట గట్టెక్కితే వచ్చేది. ఇప్పుడు కూచున్నా వస్తాండాది. మదనపల్లిలో ఉబ్బసమనిరి."

"ఉబ్బసం కాదమ్మా. అందులో గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తాయి. ఈయనకు తీసుకునేటప్పుడు వస్తోంది." డాక్టరు తన మెడ మీద, గొంతుముడి కింద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడిదాకా గొట్టం పెట్టినాం గదా. గాలి పక్కలకు పోకుండా గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది. అన్ని దినాలు అది లోపలి గోడను ఒత్తుకుని ఉంటే కొందరికి పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు ముడుచుకుంటుంది. కాలిన చర్మం ముడుచుకున్నట్టు. దోవ సన్నబడిపోతుంది."

"బతికించిన గొట్టమేనా?"

"బతికించిన గొట్టమే," అనింది డాక్టరు. ఆ మాట ఆమెకూ కష్టంగానే ఉండింది. "ఈ చప్పుడు వస్తోందంటే దోవ సగానికి సగం పైనే మూసుకుపోయిందని. రేపే తీసుకురండి."

"రేపు తపసమ్మా. మాను ఎక్కల్ల."

మాను అంటే ఏందో, ఎంత ఎత్తో మునెమ్మ చెప్పింది. డాక్టరు అంబులెన్సు అద్దంలోనుంచి బయటికి చూస్తా అంతా ఇనింది.

"ఎక్కితే కొనదాకా పోలేడు. ఆయాసంతో దోవ ఇంకా బిగుసుకుంటుంది. చిటికెడు కఫం అడ్డం పడినా చాలు. అంత ఎత్తున ఊపిరి ఆగిపోతే నేను పక్కనున్నా ఏమీ చేయలేను. అర్థమైందా అమ్మా?"

అర్థమైంది. మునెమ్మ క్యాసెట్టు తీసుకుని మళ్లీ రొంటిన దోపుకునింది.

ఊరికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మొగుడికి చెప్పింది. రెడ్డెప్ప వేషం కోసం పెట్టుడు గడ్డానికి జిగురు పట్టించుకుంటా ఇన్నాడు. ఆయన ముందే తెలిసిన మాట ఇన్నట్టు ఇన్నాడు.

"దిగినాక పోదాం," అన్నాడు.

"దిగేది ఉంటే గదా. ఇంటివా, లేదా నేను చెప్పింది?"

"ఇంటి." ఊపిరి కోసం ఆగినాడు. "మొక్కింది నువ్వు. ఎగ్గొడితే నాకు కాదమ్మే. నీకు తగుల్తాది. నీ కండ్లో, నీ కాళ్లో... నేను చూడలేను."

మునెమ్మ స్తంభానికి ఆనుకుని కూచుండిపోయింది. ఇన్నాళ్లూ ఈయప్పకు అర్జునుడి మీద మోజనుకునింది. పదిమందిలో పేరు కోసమనుకునింది. ఈయప్ప ఎక్కేది తన కోసమా? అంత ప్రేమ ఉండే మనిషి ఒక్క పొద్దు కూడా నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదే అని కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తపసు పొద్దు ఎండ తాళలేనట్టు కాసింది. చుట్టుపక్కల ఊళ్లోళ్లు, రామసముద్రం వాళ్లు, కర్ణాటక గట్టునుంచి వచ్చినోళ్లు, బయలంతా నిండిపోయినారు. తడిబట్టల ఆడోళ్లు మాను చుట్టూ వరసగా పడుకుని ఉండారు. కాషాయం కట్టి, జడలు, గడ్డం పెట్టుకుని, భుజానికి విబూది జోలె తగిలించుకుని రెడ్డెప్ప మానుకు దండం పెట్టినాడు. దాసప్ప కిందనే హార్మోనియం ముందర కూచున్నాడు గానీ తల ఎత్తలా.

మొదటి చీల ఎక్కి పద్యం పాడినాడు. కూత జనానికంతా ఇనబడింది. "గోవిందా" అని అరిచినారు. రెండో చీల ఎక్కి నిలబడినాడు. పద్యం రాలా. మానును వాటేసుకుని, నోరు తెరిచి, మెడ ముందుకు సాచి గాలి లాగతాండాడు. జనం మళ్లీ "గోవిందా" అన్నారు.

మునెమ్మ పడుకున్న ఆడోళ్ల నడుమనుంచి అడుగులు వేసుకుంటా వచ్చి మాను ముందర నిలబడింది. బావ ఎదర, తలుపు చాటు లేకుండా.

"బావా, నేను మొక్కుకోలేదు," అనింది.

దగ్గరున్నోళ్లకే ఇనబడింది. చెంగల్రాయుడు చెయ్యెత్తి డప్పులు ఆపించినాడు.

"ఏమంటివి?"

"నేను మొక్కుకోలేదు. కుప్పంలో అత్త గుండెలు బాదుకుంటాంటే ఓదార్చేదానికి అబద్ధం చెప్తిని. అది ఊరంతా పాకిపోయె. పాకినాక చెప్పేదానికి భయపడితిని. ద్రౌపదమ్మకు నేను ఏ మొక్కూ మొక్కలేదు."

మంగమ్మ జనాన్ని తోసుకుంటా వచ్చింది. కోడలి చెంప మీద ఒకటేసింది. "అమ్మవారి పేరుతోనా? నా కాడనా?" అని ఏడ్చింది. వెనకనుంచి ఎవరో ఉమ్మినారు. తడిబట్టల ఆడోళ్లు ఒక్కొక్కరే లేచి కూచుంటాండారు. మునెమ్మ తల దించుకుని అన్నీ పడింది. గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల అమ్మవారు పసుపు మొగంతో ఇటే చూస్తాండాది. మునెమ్మకు ఆ పక్క చూసే ధైర్యం లేకపోయింది.

"మల్లప్పా, ఏం చెప్తావు?" అన్నాడు చెంగల్రాయుడు.

"మొక్కు పేరు చెప్పి కట్టిన కంకణం. మొక్కే లేకపోతే అది చెల్లదు. చెల్లని కంకణంతో మాను ఎక్కడం తప్పు. విప్పేయల్ల. సురేంద్రకు కట్టి, మొదట్నుంచి మొదలుపెట్టల్ల," అన్నాడు పూజారి.

అందరూ పైకి చూసినారు. రెడ్డెప్ప రెండో చీల మీదనుంచి మునెమ్మను చూస్తాండాడు. పెదాలు నల్లబడినాయి. ఏదో అనబోయినట్టు నోరు కదిలింది. అంటాడేమో, నా మొక్కు నిజమేనంటాడేమో అని ఆమె భయపడింది. ఆయన చాలాసేపు అట్లే చూసినాడు. చూసి, నిదానంగా దిగొచ్చి, మల్లప్ప ముందర కుడిచేయి చాపినాడు.

దారం తెగినాక చెంగల్రాయుడు మరదలి మొగం చూడకుండానే చెప్పినాడు. "ఇంగ ఈ గుడి మెట్టు ఎక్కొద్దు."

"సరే బావా," అనింది మునెమ్మ.

జనాన్ని తీసుకొచ్చిన జీపు ఒకటి గట్టు కింద నిలబడి ఉంది. మునెమ్మ, వేషం కూడా తీయకుండానే, అర్జునుడిని అందులో కూచోబెట్టుకుని పొలిమేర దాటించింది. కుప్పం దోవంతా వీపు నిమురుతా, కిటికీ వైపు మొగం తిప్పిపెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అంటానే ఉంది. ఆస్పత్రి ముంగిట్లో జీపు ఆగేసరికి ఆయనకు కండ్లు తేలిపోతాండాయి. పెట్టుడు గడ్డం పీకేసి లోపలికి తోసుకుపోయినారు. దోవ ఎంత సన్నబడిందంటే చంటిబిడ్డలకు పెట్టే గొట్టం కూడా దిగలేదంట. గొంతు కింద చిన్న రంధ్రం చేసి, ఆడ్నించి వంపు గొట్టం పెట్టినారు.

"ఇంకో రెండు మూడు ఫర్లాంగులు దూరమైనా అంతే సంగతులు," అనింది ప్రసన్నలక్ష్మి బయటికొచ్చి. మునెమ్మ వసారా అరుగు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. ఎవురూ ఆమె చెంప మీద కొట్టలా, ఎవురూ ఓదార్చలా.

తర్వాత కొన్నాళ్లు ఆమె పని గొట్టం చుట్టూ తుడిచేది, తడిగుడ్డ కప్పేది, కఫం అడ్డం పడితే నర్సును పిలిచేది. రెడ్డెప్ప ఊపిరికి ఇప్పుడు చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పేదానికి ఆమెకు మాట చాలదు. పొద్దంతా కూచుని ఇనమన్నా ఇంటాది. ఊరినుంచి దాసప్ప ఒక్కడే వచ్చిపోయినాడు. సురేంద్ర మాను కొనదాకా ఎక్కినాడని, పద్యాలు మాత్రం మేకపిల్ల అరిచినట్టుండాయని చెప్పినాడు. మంగమ్మ ఇంకా కోడలి పేరెత్తడం లేదంట.

డాక్టరు పైన మూసుకున్న దోవను కొంచెం వెడల్పు చేసింది. మిగతాది మెల్లగా చూద్దామనింది. ఆ పొద్దు రెడ్డెప్పకు మాట్లాడే పద్ధతి నేర్పించింది. ముందు గొట్టంలోనుంచి గాలి తీసుకోవాల. వేలితో గొట్టం మూయాల. అప్పుడు పలకాల. మళ్లీ వేలు తీసి గాలి తీసుకోవాల. "తొందరపడొద్దు, చిన్న చిన్న మాటలు," అని చెప్పి పోయింది.

రెడ్డెప్ప మునెమ్మను దగ్గరికి రమ్మని సైగ చేసినాడు. వేలు పెట్టినాడు. గొంతు బొంగురుగా, యాడో బావి అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది.

"ఇనిండాను."

"ఏంది ఇనింది?"

వేలు తీసి, గాలి తీసుకుని, మళ్లీ పెట్టినాడు. "నువ్వు మొక్కుకునింది. నా చెవి కాడే గదా."

మునెమ్మ చేతిలో గుడ్డముక్క ఆగిపోయింది.

"రెప్ప లేపలేకపోతిని," అన్నాడు. గాలి తీసుకున్నాడు. "వేలు కదపలేకపోతిని. అంతా ఇనబడతానే ఉండె. కట్లపాము చెవుల్ని ముట్టుకోలేదు." మళ్లీ గాలి. "సచ్చిపోతాండాననుకుంటిని. నీ మాట ఇనబడె. దాన్నే పట్టుకుని ఉంటిని."

అంటే మాను మీద నిలబడి చూసినప్పుడు ఈయప్పకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాడు. తెలిసే చేయి చాపినాడు. అమ్మవారి ముందర ఆడిన అబద్ధం తనొక్కదాని నెత్తిన వేసుకునింది. దాన్ని ఇంటికి తీసకపోయి మడిచి పెట్టుకునేదానికి తయారుగానే ఉంది. ఈయప్ప కూడా ఒక కొన పట్టుకుంటే, రేపు ఆయమ్మకు కోపమొస్తే ఇద్దరి మీదికీ వస్తాది. ఆ గొట్టం కాడికే వస్తాది.

"వచ్చే ఏడు ఎక్కుతా," అన్నాడు రెడ్డెప్ప. "నీ మొక్కు తీర్చేస్తా."

"ఏం మొక్కు?" అనింది మునెమ్మ.

ఆయన చూసినాడు.

"నేనేం మొక్కుకోలేదు. అంతమంది ముందర చెప్తిని గదా. నువ్వు మత్తులో ఉంటివి. పక్క మంచమాయమ్మ వాళ్ల మొగుడికి మొక్కుకునింటాది. అది ఇనుంటావు."

రెడ్డెప్ప వేలు పెట్టి ఏదో చెప్పబోయి, ఆమె మొగం చూసి, వేలు తీసేసినాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, గాలి బుస్సుమని గొట్టంలోనుంచి వచ్చింది. దాంతో దగ్గు, దగ్గుతో కఫం.

"మాట్లాడింది చాలు. ఊపిరి తీసుకో," అని మునెమ్మ గుడ్డముక్క తడిపి గొట్టం చుట్టూ తుడవసాగింది.